రాలిన పట్టే పళ్లెం: పుత్తూరు పోకతోటల్లో

తెలుగువాళ్లకు పుత్తూరు అనగానే విరిగిన ఎముకలకు వేసే కట్టు గుర్తొస్తుంది. ఆ పుత్తూరు తిరుపతి జిల్లాలోది. ఇప్పుడు చెప్పబోయే పుత్తూరు పడమటి కనుమలకు ఆవల, కర్ణాటకలోని దక్షిణ కన్నడ జిల్లాలో ఉంది. మంగళూరులో బస్సెక్కి, పాణెమంగళూరు దగ్గర నేత్రావతి నది దాటి, మాణి కూడలిలో కుడివైపు మళ్లితే కాసేపట్లో ఊరొస్తుంది. మొత్తం 50 కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ. జ్ఞానపీఠ గ్రహీత శివరామ కారంత్ ఏళ్ల తరబడి ఉన్న ఊరిది. ఆయన నివాసం బాలవనం చూడ్డానికి వచ్చేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. నన్ను రప్పించింది మాత్రం ఒక పళ్లెం.

హైదరాబాద్, విజయవాడ ఫంక్షన్ హాళ్లలో భోజనం చేసినవాళ్లంతా దాన్ని చేత పట్టుకునే ఉంటారు. లేత గోధుమ రంగు, మీద సన్నటి చారలు, కొద్దిగా పైకి లేచిన అంచు. సాంబారు పోసినా మెత్తబడదు, బిర్యానీ బరువుకు వంగదు. దుకాణంలో అరెకా ప్లేటు అని అడిగితే ఇస్తారు. చెక్కను చెక్కి చేశారేమోనని కొందరు, తాటాకేమోనని ఇంకొందరు అనుకుంటారు. నిజానికి అది పోకచెట్టు పట్ట. వక్కలు కాసే చెట్టుదే.

పోకాకు మొదలు వెడల్పాటి పట్టగా మారి కాండాన్ని చుట్టుకుని ఉంటుంది. ఆకు ముదిరి ఎండాక పట్టతో సహా ఊడి కింద పడుతుంది. ఎవరూ చెట్టెక్కక్కర్లేదు, కొడవలి పెట్టక్కర్లేదు. ఒక్కో చెట్టు ఏడాదికి ఐదారు ఆకులు రాలుస్తుంది. చెట్టుకూ చెట్టుకూ 2.7 మీటర్ల ఎడం ఉండేలా నాటితే ఎకరానికి సుమారు 550 చెట్లు పడతాయి. ఆ లెక్కన ఎకరం తోటలో ఏటా 3 వేల పట్టలు వాటంతటవే నేల మీదికి వస్తాయి. పుత్తూరు, సుళ్య, బంట్వాళ, బెళ్తంగడి తాలూకాల్లో గుట్టల మధ్య పల్లం ఎక్కడ కనిపిస్తే అక్కడ పోకతోటే. చెట్ల మీదికి మిరియాల తీగ పాకి ఉంటుంది, మధ్యలో కోకో మొక్కలుంటాయి. వాటన్నిటి కింద ఈ పట్టలు.

వీటిని ఎవరూ పట్టించుకోలేదనీ, పళ్లేల యంత్రం వచ్చాకే విలువ తెలిసిందనీ అనుకుంటే పొరపాటు. తుళు మాట్లాడే ఈ తుళునాడులో పట్టను పాళె అంటారు. పాళెను మడిచి కుట్టిన టోపీ ముట్టాళె. ఎండకూ, నెత్తిన మోసే బరువుకూ తట్టుకునేలా రైతులూ కూలీలూ తరతరాలుగా పెట్టుకున్నదే. ఇప్పుడది తుళు సంస్కృతికి గుర్తుగా వేదికల మీదికెక్కింది. పసిపిల్లల్ని పాళె మీద పడుకోబెట్టి నీళ్లు పోసిన ఇళ్లున్నాయి. పాళె మీద ఒక పిల్లవాడు కూర్చుంటే, ఇంకొకడు ఆకు కొస పట్టుకుని ఈడ్చుకెళ్లే ఆట ఈ ప్రాంతంలో ఎవరి బాల్యాన్ని కదిపినా బయటికొస్తుంది. ఇంకా దక్షిణాన, కేరళలోని పత్తనంతిట్ట వైపు, పడయణి నాట్యంలో భైరవి కోలాలూ యక్షి కోలాలూ అనే వేషపు బొమ్మలు ఈ పట్టల మీద గీసినవే. పట్ట ఆకుపచ్చ తొక్క చెక్కితే తెల్లటి భాగం బయటపడుతుంది. దాని మీద మసితో, పసుపుతో, ఎర్రమట్టితో కళ్లూ కోరలూ గీస్తారు.

వీటన్నిటికీ తోడు పశువుల మేత ఉంది. పచ్చి పట్టను ముక్కలు చేసి ఆవులకు వేస్తారు. మిగిలినవి చెట్టు మొదట్లో పరిస్తే తేమ నిలుస్తుంది, కుళ్లి ఎరువవుతుంది. అందుకే వ్యవసాయ వ్యర్థం అన్న మాటను జాగ్రత్తగా వాడాలంటాను. పట్టకు ముందే ముగ్గురు నలుగురు హక్కుదారులున్నారు. పళ్లెం తర్వాత వచ్చి చేరింది. రైతు పట్టలన్నీ అమ్మేసుకుంటే తోట నేలకు ఆ మేరకు తక్కువే. ఇక్కడి రైతుల్లో చాలామందికి ఈ సంగతి తెలుసు. మంచి పట్ట పళ్లేలు చేసే యూనిట్‌కు, చీలిందీ మచ్చపడ్డదీ చెట్టు మొదటికి అన్న పద్ధతి చాలా తోటల్లో కనిపిస్తుంది.

అసలు విషయం ఇక్కడే ఉంది. ఈ పళ్లెం నాణ్యత యంత్రం దగ్గర తేలేది కాదు, పట్ట నేలను తాకిన రెండు మూడు రోజుల్లోనే తేలిపోతుంది. దక్షిణ కన్నడలో ఏటా 3,500 మిల్లీమీటర్లకు పైగా వాన పడుతుంది. జూన్ మొదలు నాలుగు నెలలు తోటలో నేల ఆరదు. తడిలో పడ్డ పట్టకు బూజు పడుతుంది, నల్ల మచ్చలొస్తాయి, ఆ మచ్చను ఏ బ్రష్షూ పోగొట్టలేదు. కాబట్టి పట్టల కాలమంటే వానలు పూర్తిగా వెనకబట్టాక, మార్గశిరం నుంచి వైశాఖం దాకా. ఆ కాలంలోనూ పట్ట పడ్డచోటే వారం పడి ఉంటే కింది నుంచి తేమ పీల్చుకుంటుంది, చెదలు తగులుతాయి, మంచు తడుపుతుంది. రోజూ కాకపోయినా రోజు విడిచి రోజైనా తోటంతా తిరిగి ఏరాలి. ఆకు భాగం నరికేసి, పట్టను విడదీసి, ఎండలో ఆరేసి, కట్టలు కట్టి, వాన చుక్క పడని చోట అటక మీదో షెడ్డులోనో పేర్చాలి. ఎండ మరీ ఎక్కువైనా కష్టమే, పట్ట చుట్టుకుపోయి నిలువునా చీలుతుంది.

ఈ పని చేసేది ఎక్కువగా ఆడవాళ్లే. వంగి ఏరడం, నెత్తిన మోయడం, ఆరేసి తిప్పడం. ఇందులో యంత్రం చేసి పెట్టే పని ఒక్కటీ లేదు. అయినా పళ్లెం ధరలో అతి తక్కువ వాటా దక్కేది ఈ చేతులకే. ఒక్కో పట్టకు దొరికేది చిల్లర డబ్బు. ఆ చిల్లర కోసం రోజు విడిచి రోజు తోట తిరగడం గిట్టదనుకున్న చోట పట్టలు వారానికోసారి ఏరుతారు, సగం మచ్చపడతాయి. ఆ మచ్చల్ని దాచడానికి బ్లీచింగ్ వంటి అడ్డదారులు వెతికేవాళ్లు అక్కడే పుడతారు. పట్ట ఏరే మనిషికి ఇంకో రూపాయి ఎక్కువిస్తే తీరే సమస్య అది. పళ్లెం శుభ్రత గురించి సర్టిఫికెట్లు అడిగే పెద్ద కొనుగోలుదారులు ముందు ఈ రూపాయి గురించి అడగాలని నా కోరిక.

యూనిట్ అంటే పెద్ద ఫ్యాక్టరీని ఊహించుకోవద్దు. చాలా చోట్ల ఇంటి పక్కన రేకుల షెడ్డు, నీళ్ల తొట్టి, రెండో మూడో ప్రెస్సులు. అంతే. ఎండు పట్టను అలాగే వేడి అచ్చులో పెడితే ఫటేలున పగులుతుంది. అందుకని ముందు నీళ్లలో నానబెడతారు. నానే సేపు పట్ట వయసును బట్టి మారుతుంది. చేత్తో వంచి చూసి, విరగకుండా లొంగిందనుకున్నాక తీస్తారు. తర్వాత బ్రష్షుతో రుద్ది కడుగుతారు. దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. వానాకాలంలో గెలలకు కొళె రోగం, అంటే కాయకుళ్లు, రాకుండా తోటల్లో ఒక శాతం బోర్డో మిశ్రమం కొడతారు. తుత్తమూ సున్నమూ కలిపిన ఆ మందు గెల మీద పడ్డట్టే పక్కనున్న పట్టల మీదా పడుతుంది. పట్ట వెలుపలి మడతల్లో నీలి మరక కనిపిస్తే అదే. పళ్లెంలో మనం తినే వైపు పట్ట లోపలి వైపే. కాండాన్ని అంటుకుని ఉండేది, నున్నగా, మీగడ రంగులో ఉంటుంది. చారలూ నారా ఉన్న వెలుపలి వైపు పళ్లేనికి అడుగవుతుంది. అయినా రెండు వైపులా తోమాల్సిందే.

కడిగిన పట్టల్ని నిలబెట్టి నీరు ఓడ్చాక ప్రెస్సు దగ్గరికి తెస్తారు. పైనా కిందా ఉక్కు అచ్చులు, లోపల హీటర్లు, వేడి నూరు డిగ్రీలకు అటూ ఇటూ. పట్టను కింది అచ్చు మీద సర్ది పెడల్ తొక్కితే పై అచ్చు దిగుతుంది. అంచుల నుంచి బుస్సుమని ఆవిరి చిమ్ముతుంది. తడిసిన గడ్డివాము వేడెక్కినప్పుడు వచ్చే వాసన షెడ్డంతా కమ్ముకుంటుంది. నిమిషం లోపే అచ్చు లేస్తుంది, పళ్లెం చేతికొస్తుంది. చుట్టూ మిగిలిన అంచు అప్పుడే తెగిపడుతుంది. పట్టలో లిగ్నిన్ అనే సహజమైన బంక ఉంటుంది. తడీ వేడీ కలిస్తే అది మెత్తబడి అచ్చు ఆకారానికి లొంగుతుంది, ఆరితే బిగుసుకుంటుంది. జిగురు లేదు, రంగు లేదు, మైనం పూత లేదు. పట్ట మధ్యలో వెడల్పు ఎక్కువ కాబట్టి అక్కడ 10 అంగుళాలో 12 అంగుళాలో ఉన్న పళ్లెం తీస్తారు. చివర్ల నుంచి చిన్న పళ్లేలు, దొన్నెలు, చెంచాలు. ఆ తర్వాత మిగిలిన ముక్కలు మళ్లీ తోటకో, పొయ్యికో.

ప్రెస్సు దగ్గర కూర్చున్నవాళ్ల చేతివాటం చూసి తీరాలి. పట్ట చేతికి రాగానే వెలుతురుకు ఎత్తి చూస్తారు. నార ఎటు నడిచిందో, ఎక్కడ పలచబడిందో కంటితోనే కొలిచి, పలచటి చోటు పళ్లెం నడిమధ్యకు రాకుండా తిప్పి పెడతారు. నార గీతలు అంచు దగ్గర అడ్డంగా విరిగితే రెండో రోజుకు పళ్లెం చీలుతుంది. ఆఖరున ఎండలోనో డ్రయ్యర్‌లోనో ఇంకోసారి ఆరబెట్టి, చేత్తో తడిమి, గరుకు అంచుల్ని ఉప్పుకాగితంతో రుద్ది, పాతికేసి చొప్పున కట్టలు కడతారు. తేమ మిగిలితే ప్యాకెట్‌లోనే బూజు పడుతుంది. ఎగుమతి సరుకు వెనక్కి రావడానికి ఇది పాత కారణమే.

పంట మిగులుతో పళ్లేలు చేసే తీరు మన దేశంలో ఇంకోటుంది. చెరకు పిప్పిని గుజ్జు చేసి, అచ్చుల్లో పోసి, వేడికి బిగించడం. అయోధ్యలోని యశ్ పేపర్స్, ఇప్పటి పక్కా కంపెనీ, ‘చక్’ పేరుతో చేసేవి ఆ తరహావే. రైల్వే క్యాటరింగ్ అయినా, హోటల్ పార్శిల్ అయినా, ఒకే కొలతలో లక్షల డబ్బాలు కావాలంటే పిప్పే దిక్కు. అయితే గుజ్జు పళ్లెం నూనె పీలుస్తుంది. దాన్ని ఆపడానికి ప్రపంచమంతా ఏళ్ల తరబడి పీఫాస్ అనే రసాయనాలు కలిపారు. అవి ఒంట్లోనూ నేలలోనూ ఏళ్లు గడిచినా విరగవని తేలాక వెనక్కి తగ్గుతున్నారు. ఆహారపు కాగితాలకూ అట్టలకూ నూనె అంటకుండా వాడే పీఫాస్ అమ్మకాలు తమ దేశంలో ఆగిపోయాయని అమెరికా ఆహార, ఔషధ సంస్థ ఎఫ్‌డీఏ 2024 ఫిబ్రవరిలో ప్రకటించింది. పోకపట్టకు అలాంటి పూత అవసరమే లేదు. నూనెనూ నీటినీ ఆపే గుణం దానికి చెట్టు మీదే వచ్చింది. పట్ట పళ్లెం మీద నాకు మొదట గౌరవం కలిగింది ఇందుకే.

పట్ట పళ్లేల గిరాకీ వెనక చట్టాలున్నాయి. కర్ణాటక 2016లోనే ప్లాస్టిక్ సంచులతో పాటు పళ్లేలు, కప్పులు, చెంచాలను నిషేధించింది. 2022 జులై 1 నుంచి దేశమంతటా ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, ఫోర్కులు, స్ట్రాల మీద కేంద్రం నిషేధం వచ్చింది. 2023లో భారత ప్రమాణాల సంస్థ బీఐఎస్, పంటల ఉప ఉత్పత్తులతో చేసే భోజన పాత్రల కోసం ఐఎస్ 18267 అనే ప్రమాణం తెచ్చింది. ఆకులూ పట్టలూ వాడొచ్చనీ, రసాయనాలూ రెసిన్లూ జిగుర్లూ కలపకూడదనీ, అంచులు నున్నగా ఉండాలనీ అందులో ఉంది. షెడ్డులో పని చేసే చిన్న యూనిట్లకు చేతిలో పెట్టుకోదగ్గ కాగితం దొరికినట్టయింది. ఐరోపాకూ అమెరికాకూ కంటైనర్లు వెళ్లాయి. అక్కడి మన తెలుగువాళ్ల గృహప్రవేశాల్లో, బతుకమ్మ విందుల్లో కూడా ఈ పళ్లేలే.

2025లో గట్టి దెబ్బ తగిలింది. పోకాకుతో చేసిన పళ్లేలూ గిన్నెలూ ఆహారానికి వాడదగ్గవిగా తాము గుర్తించలేమని ఎఫ్‌డీఏ తేల్చింది. వక్కలో ఉండే అరెకోలిన్ వంటి ఆల్కలాయిడ్లు పట్టలోనూ ఉండి, ఆహారంలోకి దిగే వీలుందన్నది దాని అభ్యంతరం. తోటల వైపు నుంచి వెంటనే వినిపించింది కోపం. ఆ కోపం అర్థమవుతుంది. తరతరాలుగా పట్టల్లో వడ్డించుకుని, నీళ్లు తోడుకుని బతికిన జనం వాళ్లు. అయినా ఈ అభ్యంతరాన్ని విదేశీ కుట్రగా కొట్టిపారేయడం సరి కాదనిపిస్తుంది. వక్క క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లోనే తేల్చిచెప్పింది. అదే చెట్టు ఆకు గురించి ప్రశ్న రావడం సహజం. వేడి పులుసు, నూనె కూర, పెరుగు, ఒక్కోదానిలోకి పట్ట నుంచి ఎంత దిగుతుంది, నానబెట్టి కడిగాక ఎంత మిగులుతుంది, అచ్చు వేడికి ఎంత పోతుంది? ఇవి ప్రయోగశాలలో కొలిచి చెప్పగల విషయాలు. కొలిచి, అంకెలు బయటపెట్టడం పోక పండించే దేశం బాధ్యత. అమెరికా మార్కెట్ తిరిగి తెరుచుకోవడం ఒక్కటే కాదు కారణం. వరంగల్ పెళ్లిలో వేడి వేడి పప్పుచారు ఆ పళ్లెంలో పోసుకునే మనిషికీ అదే జవాబు రావాలి.

దానికి తగిన సంస్థ ఈ తోటల మధ్యే ఉంది. పుత్తూరుకు దగ్గర్లోని విట్లలో 1956లో మొదలైన పోక పరిశోధన కేంద్రం, ఇప్పుడు కేంద్ర తోట పంటల పరిశోధన సంస్థ సీపీసీఆర్‌ఐ ప్రాంతీయ కేంద్రంగా నడుస్తోంది. పోక రకాల నుంచి పట్టలతో పశువుల మేత దాకా పని చేసిన చోటు అది. ధరలు కూలినప్పుడు రైతులే కలిసి 1973లో మంగళూరులో పెట్టుకున్న క్యాంప్కో సహకార సంఘం ఉంది. పుత్తూరులో చాక్లెట్ ఫ్యాక్టరీ కూడా ఆ సంఘానిదే, 1986 నుంచీ నడుస్తోంది. పోకచెట్ల మధ్య వేసిన కోకోకు గిరాకీ పోయినప్పుడు గింజలు కొని నిలబడ్డ సంఘం, పట్టల పరీక్షలకూ నిలబడగలదు. 1988 నుంచీ పుత్తూరులో రైతుల అనుభవాల్ని రైతుల చేతే రాయిస్తున్న ‘అడికె పత్రికె’ కూడా ఉంది. తోట కబురు నగరానికి చేర్చడంలో ఈ ఊరు ఎప్పుడూ వెనకబడలేదు.

తోటలకు వేరే చింతలూ ఉన్నాయి. సుళ్య తాలూకాలో సంపాజె, అరంతోడు వైపు పసుపాకు తెగులు తోటలకు తోటల్నే పొట్టనబెట్టుకుంది. ఆకు పసుపెక్కి, కాపు తగ్గి, చెట్టు మొండెమవుతుంది. మందు లేదు. ఇటీవలి సంవత్సరాల్లో ఆకుమచ్చ తెగులూ కనుమల పక్క గ్రామాల్లో పాకింది. పచ్చగా బతికిన చెట్టే నిండైన పట్ట రాలుస్తుంది. తెగులు పట్టిన చెట్టు పట్ట చిన్నది, మచ్చలది. పళ్లెం కోసం ఎవరూ పోక నాటరు, వక్క కోసం నాటుతారు. అదే వక్క గుట్కాలోకి వెళ్తుంది. మంచిదనిపించే పళ్లేనికి ఆధారం ఆరోగ్యానికి చెడు చేసే పంట అన్న ఇరకాటం ఈ పరిశ్రమను వదలదు. పట్టకు నిలకడైన ధర వస్తే, వక్క ధర మీద రైతు ఆధారపడటం ఎంతో కొంత తగ్గుతుందన్నది మాత్రం కాదనలేం.

పోకచెట్టుకు వేసవిలో నీళ్లు కావాలి. ఇక్కడ గుట్టల్లోకి అడ్డంగా తవ్విన సురంగాల నుంచి ఊట నీరు పారించుకునే పాత పద్ధతి ఉంది. విట్ల సమీపంలో అడ్యనడ్క దగ్గర అమై మహాలింగ నాయక్ అనే రైతు, పోకతోటల్లో కూలి పని చేసినాయన, బీడు గుట్ట మీద ఒంటరిగా ఒకదాని తర్వాత ఒకటి సురంగాలు తవ్వి నీళ్లు పట్టి తోట నాటాడు. 2022లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు. పట్టల లెక్క వేసేటప్పుడు ఆ నీళ్ల లెక్కనూ మరిచిపోకూడదు.

మనకు ఆకుల్లో తినడం కొత్త కాదు. తెలంగాణలో మోదుగాకు విస్తరి, విశాఖ ఏజెన్సీలో అడ్డాకు విస్తరి. పాడేరు కొండల్లో ఆదివాసులు ఏరి తెచ్చే అడ్డాకును 1956లో ఏర్పడ్డ గిరిజన సహకార సంస్థ కొంటూ వచ్చింది. పోకపట్ట పళ్లెం మన వైపు వచ్చాక విస్తరి కుట్టే చేతులకు పని తగ్గింది. ప్లాస్టిక్ పూత కాగితం ప్లేట్లు చేసినంత హాని ఇది చేయలేదు గానీ, కొంత చేసింది. గోదావరి జిల్లాల కొబ్బరి తోటల్లో అక్కడక్కడా పోక ఉన్నా, మన యూనిట్లకు చాలా వరకు పట్టలు కర్ణాటక నుంచి లారీల్లో రావాల్సిందే. వందల కిలోమీటర్లు మోసి తెచ్చిన పట్ట కన్నా పక్క అడవిలో కుట్టిన విస్తరే మేలన్నది నా అభిప్రాయం, విస్తరి దొరికే ఊళ్లలో. పులుసూ బిర్యానీ కలిసే పెద్ద విందులకు మాత్రం పట్ట పళ్లేనికే బలం.

కొనేవాళ్లు చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. పళ్లెం ముక్కుకు దగ్గర పెట్టుకుంటే ఎండుగడ్డి వాసన రావాలి, బూజు వాసనో క్లోరిన్ వాసనో కాదు. మరీ తెల్లగా, ఒకే రంగులో కట్టంతా మెరుస్తుంటే అనుమానించాలి, చెట్టు ఇచ్చిన పట్టలు రెండు ఒకేలా ఉండవు. అడుగున ఆకుపచ్చ, నల్లటి చుక్కలుంటే తీసుకోవద్దు. కట్ట విప్పాక మిగిలినవాటిని ఎండలో ఒక పూట ఆరబెట్టి, గాలి చొరని డబ్బాలో పెట్టుకోవాలి. వాడాక మట్టిలో కలిపేటప్పుడు ముక్కలు చేస్తే త్వరగా కుళ్లుతుంది.

ఇంకో మాట. శ్రావణంలో పెళ్లి పెట్టుకుని ఆషాఢంలో పళ్లేలు వెతికితే గోదాముల్లో మిగిలినవే దొరుకుతాయి. అప్పటికి పుత్తూరులో వానలు దిగి ఉంటాయి, పట్టలు ఏరే పని ఆగి ఉంటుంది, వేసవిలో ఆరబెట్టి దాచిన కట్టల మీదే ప్రెస్సులు నడుస్తుంటాయి. మీరు వాడే పళ్లెం మాఘ ఫాల్గుణాల్లో రాలినది. కాబట్టి ఉగాది లోపే చెప్పి పెట్టుకోండి, ఏరినవాళ్లకు ఎంత ఇచ్చారో కూడా అడగండి.